తోక మీద రెండు గీతలు

శవం కాళ్ళకి నీలం రంగు ప్లాస్టిక్ చెప్పులున్నాయి.

పోలీసు లెఫ్టినెంట్ తుఫూల్ ముందు చూసింది వాటినే. ముఖం చూడటం కాసేపు వాయిదా వేసుకుంది. డాక్టర్ బాబికర్ ఆమెకి కొత్త మనిషి కాదు. సూడాన్ నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళుగా ఒమన్‌లోని సలాలా చుట్టుపక్కల ఒంటెలకి వైద్యం చేస్తున్నవాడు. ఆమె పదో తరగతిలో ఉండగా, కడుపులో అడ్డం తిరిగిన ఒంటె పిల్లని భుజం దాకా చెయ్యి పెట్టి బయటికి లాగి, ఆమె నాన్న సుహైల్ పెట్టిన భోజనం చేసి, చేతులు కడుక్కోవడానికి మూడు సబ్బులు అరగదీసి వెళ్ళాడు.

ఇప్పుడు పశు ఆరోగ్య పరిశోధన కేంద్రంలో, జబ్బు పశువుల్ని విడిగా ఉంచే దొడ్డిలో, ఒక ఆడ ఒంటె వెనక కాళ్ళ దగ్గర వెల్లకిలా పడున్నాడు. తల వెనక గాయం. టైము పొద్దున ఎనిమిదీ ఐదు. ఖరీఫ్ వానాకాలపు జల్లు సన్నగా, ఆగకుండా పడుతోంది.

"చూడటానికి పెద్దగా ఏం లేదు," అన్నాడు కెప్టెన్ హైసమ్ గొడుగు కింద నుంచి. "హంతకుడు జీపులో ఉన్నాడు. కాగితాలు నువ్వు తీసుకుంటే సాయంత్రం విమానానికి నేను మస్కట్ వెళ్ళిపోతాను."

పది రోజుల క్రితం అతన్ని మస్కట్ నుంచి పంపింది ఒంటెల గొడవ చల్లార్చడానికి. మూడు వారాల్లో నలభై మూడు ఒంటెలు చచ్చాయి. జ్వరం లేదు, వాపు లేదు. వెనక కాళ్ళు తడబడతాయి, నాలుక వేలాడుతుంది, కూలబడతాయి, రెండో రోజుకి ఊపిరి ఆగిపోతుంది. బాబికర్ వేసిన టీకాల వల్లేనని కాపర్లు కేంద్రం ముందు గుమిగూడి కేకలు వేశారు. అందరికన్నా గట్టిగా అరిచింది బఖీత్. పదకొండు పోయాయి అతనికి.

"ఆరూ నలభైకి ల్యాబ్ అమ్మాయి డ్యూటీకి వచ్చింది," అన్నాడు హైసమ్. "బఖీత్ ఇక్కడే మోకాళ్ళ మీద ఉన్నాడు. చేతులకి రక్తం. నాలుగు రోజుల క్రితం నా ముందే డాక్టర్‌ని చంపుతానన్నాడు. ఇంకేం కావాలి నీకు?"

"ఈయన బూట్లు కావాలి."

"ఏంటి?"

"ఈ చెప్పులు ల్యాబ్ లోపల వేసుకునేవి సార్. బాబికర్ రబ్బరు బూట్లు లేకుండా దొడ్డిలోకి అడుగు పెట్టడు. ఎవరినీ పెట్టనివ్వడు. మా నాన్ననే తిట్టాడు ఓసారి."

"కంగారులో వచ్చుంటాడు."

తుఫూల్ బురదలో కూర్చుంది. చెప్పుల అడుగున బురద లేదు. మడమల వెనక మాత్రం ఉంది, రెండు కాళ్ళకీ, ఒకే ఎత్తులో. జల్లు నేలని సాపు చేసేసింది, ఈడ్చిన జాడ మిగల్లేదు. శవం తల పక్కకి తిప్పి గాయాన్ని చూసింది. తల వెనక అడ్డంగా ఒకే తిన్నటి గీత, స్కేలు పెట్టి గీసినట్టు.

"ఒంటె తన్నిందేమో అని ఎవరూ అనలేదా?"

"డైరెక్టర్ అన్నాడు. నేను పట్టించుకోలేదు."

"మంచి పని చేశారు. ఒంటె పాదం గిట్ట కాదు, దిండు. ఎముక విరగ్గొడుతుంది గానీ ఇలా కొయ్యదు." ఆమె ఒంటె తల దగ్గరికి వెళ్ళింది. అది కూర్చునే ఉంది, ఒంటెలన్నీ కూర్చున్నట్టే, కాళ్ళు కింద మడుచుకుని. మెడ మాత్రం నేలకి ఆనించి ఉంది. తుఫూల్ దాని నాలుక పట్టుకుని నెమ్మదిగా పక్కకి లాగింది. వదిలేసింది. నాలుక వెనక్కి పోలేదు. తడిబట్టలా పెదవి మీద వేలాడింది.

"ఇది ఎప్పటినుంచి ఇలా ఉంది?"

హైసమ్ భుజాలెగరేశాడు. "ఒంటెల వాంగ్మూలం నేను తీసుకోను."

*

జీపులో బఖీత్ చేతులకి సంకెళ్ళున్నాయి. అరవై దాటిన మనిషి. గడ్డం తడిసి ఉంది. ఆమెని చూడగానే తల తిప్పుకున్నాడు.

"సుహైల్ బిడ్డా, నువ్వు కూడానా?"

"నేను అడగడానికి వచ్చాను బాబాయ్, అనడానికి కాదు. ఎందుకొచ్చావు పొద్దున్నే?"

"డాక్టరే రమ్మన్నాడు. లోపలున్న ఒంటె నా షమ్సా. మిగిలిందల్లా అదొక్కటే. రాత్రి ఫోన్లో మాట పంపాడు. విన్నాను. నీకు వినిపిద్దామంటే ఫోన్ ఆ గొడుగాయన సంచిలో వేసి మూతి కట్టేశాడు."

"దొడ్డిలోకి ఎన్నింటికి వెళ్ళావు?"

"నాకు గడియారం లేదు. తెల్లారిపోయింది, పొగమంచు బాగా ఉంది. షమ్సాని చూద్దామని పోతే ఈయన కనిపించాడు. తల ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాను. చల్లగా ఉన్నాడు." బఖీత్ సంకెళ్ళ చేతులు మోకాళ్ళ మీద రుద్దుకున్నాడు. "తిట్టాను. నిజమే. తిట్టిన మనిషి అలా పడుంటే నోట్లో మన్ను పోసినట్టుంది నాకు."

తుఫూల్ వెనక్కి వచ్చి హైసమ్‌ని ఫోన్ అడిగింది. అతను విసుగ్గా సంచి విప్పాడు. రాత్రి తొమ్మిదీ ఇరవైకి వచ్చిన మాట. బాబికర్ గొంతు. అలిసిపోయి ఉంది.

"బఖీత్, కోపం పక్కన పెట్టి విను. నీ షమ్సా తొమ్మిదింటికి కూలబడింది. మెడ ఎత్తలేదు. ఇక లేవదు. పొద్దున్నే వచ్చి చూసుకో. ఇంకో మాట. ఇది నా సూది వల్ల కాదు, నువ్వు మేతగా పెట్టే ఎండు కవళ్ళ చేపల వల్లా కాదు. దేనివల్లో రేపు నీకే ముందు చెప్తాను."

హైసమ్ ఫోన్ వెనక్కి తీసుకున్నాడు. "అయితే?"

"బాబికర్ ఎక్కడో చచ్చిపోయాడు. ఎవరో తెచ్చి ఇక్కడ ఒంటె కాళ్ళ దగ్గర పడేశారు, తన్నింది అనుకోవాలని. ఈ ఒంటె మెడే ఎత్తలేదు సార్, కాలేం ఎత్తుతుంది? ఆ సంగతి రాత్రే తెలిసినవాడు బఖీత్. తెలిసి తెలిసి ఇక్కడ పడేస్తాడా? పడేసినవాడికి అది కూలబడిందని తెలీదు. మామూలుగా కూర్చుంది అనుకున్నాడు."

"కొండ వాళ్ళకి ఇంత లెక్క ఉండదు."

"నేనూ కొండ మనిషినే."

"అందుకే చెప్తున్నాను. వాడు నిన్ను బిడ్డా అన్నాడు, విన్నాను. నీ కళ్ళకి గంతలు కట్టడానికి ఆ ఒక్క మాట చాలు." అతను డ్రైవర్‌కి సైగ చేశాడు. "స్టేషన్‌కి తీసుకెళ్ళండి. నాటకాలాడితే పట్టించుకోవద్దు."

జీపు మంచులో కలిసిపోయింది.

*

డైరెక్టర్ డాక్టర్ గాలిబ్ గది వెచ్చగా, అత్తరు వాసనగా ఉంది. యాభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ మడత నలగని తెల్లటి దిష్‌దాషా, పాదాల దాకా వేలాడే అంగీ. బల్ల మీద గాజు సీసాలో గోధుమ రంగు గుళికలు పెట్టుకున్నాడు. అతని పేరు నిలబెట్టింది ఆ గుళికలే. ఖరీఫ్‌లో కొండలు జారుడు పట్టి, మైదానానికి దించిన ఒంటెలకి మేత దొరకదు. అప్పటికోసం పన్నెండేళ్ళు కష్టపడి తయారు చేసిన దాణా. ఈ ఏడే ప్రయోగానికని కొన్ని మందలకి ఇచ్చారు. రేపు వేడుకలో మంత్రి చేతుల మీదుగా అన్ని మందలకీ పంపకం.

"మీరు ఎన్నింటికి వచ్చారు డాక్టర్?"

"ఏడింటికి. గేటు దగ్గరే ఏడుపులు వినిపించాయి."

"శవాన్ని చూశారా?"

"దూరం నుంచి. రక్తం చూడలేను. పశువైద్యుడికి అదేం రోగం అని బాబికర్ నవ్వేవాడు." గాలిబ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఒంటెతో జాగ్రత్తగా ఉండమని ఎన్నిసార్లు చెప్పానో. అది బలమైన జంతువు."

"దాన్ని ఎప్పుడు చూశారు మీరు?"

"నిన్న సాయంత్రం అస్ర్ నమాజయ్యాక. నిలబడి ఆకులు నములుతోంది. కాస్త తూలుతోంది గానీ కాళ్ళలో శక్తి ఉంది."

తుఫూల్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది, తిరిగి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. కూర్చోలేకపోయింది. "ఒంటెలు దేనివల్ల చస్తున్నాయి?"

"ఎండు కవళ్ళు," అన్నాడు గాలిబ్ వెంటనే. "సరిగ్గా ఎండబెట్టరు. కుళ్ళిన చేపలో విషం పుడుతుంది. బాబికర్ ఎలుకల మీద పరీక్ష పెట్టాడు. మా ల్యాబ్ అమ్మాయి ముజ్నా పొద్దున చూసి చెప్పింది, చేపల కషాయం ఎక్కించిన ఎలుకలు చచ్చాయట. పాపం, ఫలితం చూడకుండానే పోయాడు."

"మీరు చూశారా ఎలుకల్ని?"

"ఆ గదిలోకి అడుగు పెట్టి పదేళ్ళయింది లెఫ్టినెంట్. ఆ వాసనకి నాకు తుమ్ములు ఆగవు."

బాబికర్ రాత్రే చేపల వల్ల కాదని చెప్పాడు. పొద్దున ఎలుకలు చేపల వల్లే అంటున్నాయి. చచ్చినవాడు తప్పు చెప్పి ఉండాలి, లేదా ఎలుకలు.

*

ముజ్నా ల్యాబ్ తలుపు దగ్గర నిలబడి తన చెప్పులు తుఫూల్‌కి ఇచ్చింది. అవీ నీలంవే. ఇరవై ఆరేళ్ళుంటాయి. కళ్ళు ఏడ్చి ఎర్రబడ్డాయి. బాబికర్ దగ్గరే నాలుగేళ్ళు పని నేర్చుకుంది. గుమ్మం పక్కన బాబికర్ తెల్ల రబ్బరు బూట్లు శుభ్రంగా, పొడిగా ఉన్నాయి.

"నిన్న ఎన్నింటికి వెళ్ళావు?"

"ఆరింటికి అక్కా. ఐదింటికి ఎలుకలకి సూదులు వేశాం. రాత్రంతా కనిపెట్టుకుని ఉంటానన్నారు."

"తాళాలు ఎవరి దగ్గరున్నాయి?"

"సార్ దగ్గర, డైరెక్టర్ సార్ దగ్గర, నా దగ్గర."

హైసమ్ వెనకే వచ్చాడు. లోపలికి వస్తూ చెప్పులు మార్చుకోమంటే ముఖం చిట్లించాడు. తుఫూల్ గాయానికి సరిపోయే అంచు కోసం గది చుట్టూ తిరిగింది. అల్మరా అంచులు గుండ్రంగా ఉన్నాయి. బల్ల అంచులకి రబ్బరు కట్టుంది. చివర, గోడలో, మందులు దాచే చల్లగది. బరువైన ఉక్కు తలుపు. దాని గొళ్ళెం పట్టీ బయటికి పొడుచుకుని ఉంది, తిన్నగా, బొటనవేలి వెడల్పున. తలుపంతా వేలి మరకలు, పాత జిగురు. పట్టీ ఒక్కటే కొత్త స్పూనులా మెరుస్తోంది.

"దీన్ని ఎవరు తుడిచారు?"

ముజ్నా తల అడ్డంగా ఊపింది.

తలుపు పక్కన డబ్బాలో ఒక కాగితం చుట్ట నెమ్మదిగా తిరుగుతోంది. పెన్ను దాని మీద లోపలి వేడిని గీస్తూ పోతుంది. నాలుగు డిగ్రీల దగ్గర రాత్రంతా తిన్నటి గీత. ఒక్కచోట పైకి లేచి, పడిపోయింది. తుఫూల్ వేలు పెట్టి చదివింది.

"ఐదూ పన్నెండుకి తలుపు తెరిచారు. ఐదూ ముప్ఫై ఒకటికి మూశారు. పంతొమ్మిది నిమిషాలు. చల్లగది తలుపు అంతసేపు తెరిచి ఉంచుతారా?"

"ఒక్క నిమిషం ఎక్కువైనా సార్ తిట్టేవారు," అంది ముజ్నా.

"అయితే బఖీత్ ఐదూ పన్నెండుకి వచ్చాడు," అన్నాడు హైసమ్. "డాక్టరే లోపలికి రానిచ్చుంటాడు."

"పశువులు దాటకుండా రోడ్డు మీద చెక్‌పోస్టు పెట్టారు కదా సార్ మీరు. బండి నంబర్లు రాయిస్తున్నారా?"

"ప్రతి బండీ."

"బఖీత్ బండి ఎన్నింటికి దాటిందో అడగండి."

హైసమ్ కదల్లేదు. "నా పని నాకు నేర్పుతున్నావా?"

"లేదు సార్. మీరు చేసిన పని బాగుంది. అందుకే అడగమంటున్నాను."

అతను ఫోన్ తీశాడు. అవతలి వాడు పుస్తకం వెతికేదాకా ముగ్గురూ కాగితం చుట్ట తిరగడం చూస్తూ నిలబడ్డారు. హైసమ్ విన్నాడు. మళ్ళీ చెప్పమన్నాడు. ఫోన్ జేబులో పెట్టేశాక కూడా చెయ్యి జేబులోంచి తియ్యలేదు.

"ఐదూ యాభై," అన్నాడు. "చెక్‌పోస్టు ఇక్కడికి నలభై కిలోమీటర్లు."

తుఫూల్ కాగితం మీద ఐదూ పన్నెండు దగ్గర మళ్ళీ వేలు పెట్టింది.

"సరే, వాడు కాదు," అన్నాడు గొంతు తగ్గించి. "వదిలే ముందు అసలువాణ్ణి చూపించు. చేతిలో ఎవరూ లేకుండా ఆ గుంపు ముందుకి నేను పోలేను."

ముజ్నా చల్లగదిలోకి వెళ్ళి అరలు చూస్తోంది. గబగబా బయటికి వచ్చింది. "ఎర్రమూత సీసా లేదు అక్కా."

"అందులో ఏముంది?"

"ఒంటెల్ని చంపుతున్న విషమే. శుద్ధి చేసింది. పరీక్ష సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోడానికి ఎలుకలకి చుక్కలో వందో వంతు వాడతాం."

"అది మనుషుల్ని చంపుతుందా?"

"ఎలుకలకే లెక్క కడతాం అక్కా. మనుషులకి ఎవరు కట్టి చూస్తారు?"

*

ఎలుకల గదిలో మూడు గాజు పెట్టెలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని ముందు ఒక్కో కార్డు. మొదటిది, ఎండు కవళ్ళు. అందులో నాలుగు ఎలుకలు చచ్చి పడున్నాయి. రెండోది, గుళికల దాణా. నాలుగూ బొద్దుగా, తెల్లగా, రంపపు పొట్టు తవ్వుతున్నాయి. మూడోది, దాణాతో పాటు విరుగుడు మందు. అవీ బతికే ఉన్నాయి.

తుఫూల్ మొదటి పెట్టె మీదికి వంగింది. చచ్చిన ఎలుకల పక్కలు లోపలికి పీక్కుపోయి, నడుములు కందిరీగ నడుముల్లా ఉన్నాయి. "ఇదేనా గుర్తు?"

"అదే. ఊపిరి కోసం లాగి లాగి అలా అయిపోతాయి. విషం ఉందనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు."

"అంటే చేపల్లోనే విషం."

"కార్డు అలాగే ఉంది," అంది ముజ్నా. "పొద్దున కంగారులో అదే చదివి చెప్పేశాను." మాట మధ్యలో ఆగింది. చేతికి తొడుగు వేసుకుని చచ్చిన ఎలుకని ఒకదాన్ని తోకతో ఎత్తి దీపం కింద పట్టుకుంది. తోక మొదట్లో పసుపు రంగు గీతలు. రెండు.

"ఒకటి ఉండాలి," అంది.

"ఏం ఒకటి?"

"కార్డుల్ని సార్ నమ్మరు. పడిపోతాయి, మారిపోతాయి అంటారు. ఎలుక మీదే రాయాలంటారు. నిన్న ఆయన పట్టుకుంటే నేనే గీశాను. చేపలకి ఒక గీత. దాణాకి రెండు. విరుగుడు వేసినవాటికి మూడు." ఆమె మిగతా మూడింటినీ తిప్పి చూసింది. రెండు. రెండు. రెండు. బతికున్న బొద్దు ఎలుకని పట్టుకుంది. ఒక్క గీత.

హైసమ్ కూడా వంగి చూశాడు. "అంటే ఎవరో..."

"కార్డులు మార్చారు," అంది తుఫూల్. "కార్డులుంటాయని తెలిసినవాడు. తోక మీద గీతలుంటాయని తెలియనివాడు. చాలా ఏళ్ళుగా ఎలుకని చేత్తో పట్టుకోనివాడు." ఆమె కార్డుల్ని అంచులు పట్టుకుని ఒక్కొక్కటే కవర్లో వేసింది. "దాణా బస్తాలు ఎక్కడున్నాయి?"

"రాత్రే లారీలకి ఎక్కించారు. పన్నెండింటికి బయల్దేరతాయి," అంది ముజ్నా.

పదకొండూ యాభై రెండు. హైసమ్ అప్పటికే ఫోన్లో చెక్‌పోస్టులతో మాట్లాడుతున్నాడు. ఈసారి ఎవరూ అడగలేదు. లారీలు కదిలితే టైర్లకి కాల్చమన్నాడు.

కార్డుల్ని వేలిముద్రలకి పంపి, లారీల తాళాలు స్వాధీనం చేసుకుని, ఫలితం వచ్చేసరికి ఒంటిగంట అయింది. మారిన రెండు కార్డుల మీదా ఒకే మనిషి బొటనవేలు. గాలిబ్ ఆఫీసు ఫైళ్ళ మీద, కాఫీ కప్పు మీద ఉన్న వేలు అదే.

*

గాలిబ్ కవర్‌ని ముట్టుకోలేదు. తుఫూల్ చెప్పిందంతా తల వంచుకుని విన్నాడు. తోక మీద గీతల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తల ఎత్తాడు.

"గీతలా?" అన్నాడు. "ముసలాడు. నాకు పాఠం చెప్పేటప్పుడు కూడా ఇలాంటివేవో చేసేవాడు."

"ఆయన మీ గురువా?"

"మొదటి ఉద్యోగంలో. తర్వాత నేను పెద్దవాణ్ణయ్యాను, ఆయన ఒంటెల దగ్గరే ఉండిపోయాడు." గాలిబ్ గుళికల సీసా తిప్పాడు. "నాలుగున్నరకి ఫోన్ చేశాడు. రా, నీ కళ్ళతో చూడు అన్నాడు. వచ్చాను. దాణాలో కలిపే కోళ్ళ షెడ్డు చెత్తలో చచ్చిన కోడి ఏదో పడుంటుంది, అందులో పుట్టింది ఈ విషం అన్నాడు. సరే, ఆ విడతలో తయారైనంత వరకు పారేద్దాం, వేడుక కానివ్వు అన్నాను. ఒప్పుకోలేదు. ఒక్క గుళిక కూడా గేటు దాటదన్నాడు. ఇంకోసారి పరీక్ష చేసి చూపిస్తానని చల్లగది తెరిచాడు. ఒక్క తోపు తోశాను. అంతే. తలుపుకి తగిలి..." చెయ్యి గాల్లో ఆగింది. "ఒక కోడి పడితే పన్నెండేళ్ళ పని తప్పయిపోతుందా లెఫ్టినెంట్?"

"నలభై మూడు ఒంటెలు పోయాయి."

"ఇంకో ఏడాదిలో లక్ష ఒంటెలు బతికేవి."

"ఎర్రమూత సీసా ఎక్కడ?"

గాలిబ్ గుళికల సీసా కింద పెట్టాడు. కళ్ళు మాత్రం ఆమె భుజం మీదుగా గుమ్మం వైపు వెళ్ళి, వెంటనే వెనక్కి వచ్చాయి.

తుఫూల్ తిరిగి చూసింది. గుమ్మంలో ముజ్నా తలుపు చట్రం పట్టుకుని నిలబడి ఉంది. కనురెప్పలు సగానికి జారిపోయాయి. నిద్ర ఆపుకుంటున్న పిల్లలా తల వెనక్కి వంచి వాటి కిందినుంచి చూస్తోంది.

"అక్కా," అంది. నాలుక మడతపడినట్టు మాట ముద్దగా వచ్చింది. "మీరెందుకు ఇద్దరు కనిపిస్తున్నారు?"

తుఫూల్ రెండంగల్లో ఆమెని చేరుకుంది. "ఏం తిన్నావు? ఏం తాగావు?"

"ఏమీ... మజ్జిగ. సార్ ఇచ్చారు. పొద్దున, మీరు రాకముందు. ఫ్రిజ్‌లోంచి తీసి... ఏడుస్తున్నానని."

గాలిబ్ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తోక మీద గీతలు తెలియకపోయినా, ఏ ఎలుకలకి ఏ సూది వేశారో ముజ్నాకి తెలుసని తెలిసినవాడు.

*

కారు హైసమ్ నడిపాడు. అద్దం మీద జల్లు తుడిచేకొద్దీ పడుతోంది. వెనక సీట్లో ముజ్నా తల తుఫూల్ ఒళ్ళో ఉంది. తుఫూల్ గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టింది. నిమిషానికి పద్దెనిమిది. మార్కెట్ దాటేసరికి పదిహేను. కూడలి దగ్గర బళ్ళు ఆగిపోతే హైసమ్ కాలిబాట ఎక్కించాడు. పన్నెండు.

"ఊపిరి తీసుకో ముజ్నా. ఆలోచించి తీసుకో. లోపలికి."

ముజ్నా ఉమ్ము మింగలేకపోతోంది. తుఫూల్ తన తలగుడ్డ కొసతో తుడిచి, ఆమెని పక్కకి తిప్పింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ రెండు మాటలు విని మూడోది వినకుండా మంచం తోసుకుంటూ పరిగెత్తింది. "మనుషులకి పనికొచ్చే విరుగుడు ఇక్కడ లేదు, మస్కట్ నుంచి రావాలి," అంది వెళుతూనే. "అది వచ్చేదాకా యంత్రం ఊపిరి తీయిస్తుంది. ఛాతీ ఆగకముందు తెచ్చారు. బతుకుతుంది."

హైసమ్ మస్కట్‌కి ఫోన్ చేస్తున్నాడు. మంచు వల్ల విమానం దిగదంటున్నారు అవతల. "దిగే చోట దింపండి, అక్కణ్ణుంచి నేను తెచ్చుకుంటాను," అంటున్నాడు.

గొంతులో గొట్టం వెయ్యబోతుంటే ముజ్నా చెయ్యి మంచం మీదినుంచి లేచింది. ఏదో వెతుకుతోంది. తుఫూల్ తన చెయ్యి ఇచ్చింది. మాట రాదు ఇక. కళ్ళు మూసుకుపోయాయి. ఆ అమ్మాయి చూపుడువేలితో తుఫూల్ అరచేతిలో గీయడం మొదలుపెట్టింది. ఒక అక్షరం. ఆగి, బలం కూడదీసుకుని, ఇంకొకటి. తుఫూల్‌కి మొదటిసారి అర్థం కాలేదు. ముజ్నా మళ్ళీ రాసింది.

బఖీత్.

"బఖీత్‌కి ఏమైంది?"

వేళ్ళు తుఫూల్ బొటనవేలిని పట్టుకున్నాయి. తర్వాత చూపుడువేలిని. ఒకటి, రెండు.

"రెండు గ్లాసులా? నీకొకటి, అతనికొకటి?"

వేలు అరచేతిలో ఒకసారి నొక్కింది. ఆ తర్వాత తన గుండె మీద పెట్టుకుంది. మూసిన రెప్పల కిందినుంచి నీళ్ళు చెవి వైపు జారాయి. తీసుకెళ్ళి ఇచ్చింది తనే.

తుఫూల్ నడవాలోకి వచ్చింది. "సార్, స్టేషన్‌కి ఫోన్ చెయ్యండి. బఖీత్‌కి కూడా పంపాడు మజ్జిగ. నింద మోసేవాడు చచ్చిపోతే కేసు అక్కడితో ఆగిపోతుందని."

హైసమ్ మస్కట్ ఫోన్ పెట్టేశాడు. నంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు.

"వాడా సార్?" అన్నాడు కాపలా కానిస్టేబుల్. మాటలు తుఫూల్‌కీ వినిపిస్తున్నాయి. "పదకొండింటి నుంచీ పడుకునే ఉన్నాడు. నమాజుకి లేపినా లేవలేదు. కళ్ళు తెరవమంటే తెరవట్లేదు, నోరు ఊరుతోంది, మాట ముద్ద. నాటకాలాడితే పట్టించుకోవద్దన్నారు కదా మీరు."

"తలుపు తియ్యి," అన్నాడు హైసమ్. "ఫోన్ పెట్టకు. లోపలికి వెళ్ళి ఛాతీ కదులుతోందేమో చూడు."

తాళం తిరిగిన చప్పుడు. ఇనప తలుపు. సిమెంటు నేల మీద బూట్లు. కానిస్టేబుల్ పేరు పెట్టి పిలిచాడు. మళ్ళీ పిలిచాడు, ఈసారి మామా అని.

హైసమ్ ఫోన్ చెవికి ఆనించుకునే మెట్ల వైపు నడిచాడు. రెండో మెట్టు దగ్గర ఆగిపోయాడు.

"కదులుతోంది సార్," అంది ఫోను. "ఉండండి. ఇప్పుడు ఆగింది."

తుఫూల్ అతని చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "విను. నీ నోరు అతని నోటికి పెట్టి ఊదు. ముక్కు మూసిపట్టి ఊదు. మేం వచ్చేదాకా ఆపకు."

అవతల ఫోన్ నేల మీద పెట్టిన చప్పుడైంది. వాళ్ళిద్దరూ మెట్లు దిగి కారు చేరేదాకా, స్టేషన్ దారి పొడుగునా, ఆ ఫోన్లో ఒక మనిషి ఇంకో మనిషి కోసం తీసుకుంటున్న ఊపిరి వినిపిస్తూనే ఉంది.